స్టాంపు పక్కన ఆ ఏటి చట్టాన్ని కూడా పెట్టి చూడండి

సంపాదకులకు నమస్కారం.

చరిత్ర పుస్తకాల్లో ఎవరిని ఉంచాలి, ఎవరిని తీసెయ్యాలి అని మీ లేఖల పేజీలో వాదన నడుస్తోంది కదా, అటువాళ్ళూ ఇటువాళ్ళూ రాసినవన్నీ చదివాను. నాకు చరిత్రలో డిగ్రీలేమీ లేవు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. కానీ చిన్నప్పటినుంచీ పాత అమెరికా స్టాంపులు పోగుచేస్తున్నాను, ఆ అలవాటువల్ల ఒక మాట చెప్పాలనిపించింది. ఇరుపక్షాలూ అడుగుతున్నది స్టాంపు సైజు చరిత్రే. ఒక బొమ్మ, కింద ఒక పేరు, చుట్టూ అందమైన అంచు. ఎవరి బొమ్మ అన్న దగ్గరే తగువంతా. స్టాంపంటే ఒక ప్రభుత్వం తన గురించి తాను చెప్పుకునే మాట. అది అబద్ధమని నేననను. కానీ అదే ఏడాది అదే ప్రభుత్వం ఏ చట్టం చేసింది, ఏ తీర్పు చెప్పింది, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపి వెనక్కి పంపింది అన్నవి కూడా పక్కన పెడితేగానీ ఆ కాలం మనకు అందదు. నా ఆల్బమ్‌లో స్టాంపు పక్కన చిన్న చీటీ అంటించి ఇదే రాసుకుంటూ వస్తున్నాను.

నాకీ స్టాంపులు ఎలా అలవాటయ్యాయంటే, మా పెదనాన్నగారి అబ్బాయి, మేమంతా డాక్టరన్నయ్య అనేవాళ్ళం, ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదువు ముగించి 1970ల మొదట్లో షికాగో వెళ్ళాడు. ఆయన దగ్గర్నుంచి కవరు వచ్చిందంటే నల్లకుంటలో మా ఇంటిల్లిపాదీ ఒకచోట చేరేవాళ్ళం. పెద్దవాళ్ళకు ఉత్తరం కావాలి, నాకు స్టాంపు కావాలి. అమ్మ స్టాంపు చుట్టూ కాగితం కత్తిరించి ఇచ్చేది, గిన్నెలో నీళ్ళు పోసి నానబెడితే కాసేపటికి జిగురు వదిలేది, దాన్ని పాత పేపరు మడతలో పెట్టి పైన పెద్ద నిఘంటువు బరువు పెట్టేదాన్ని. ఉద్యోగంలో చేరాక ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల గుట్టల మధ్య వెతికేదాన్ని, ఎవరిదో పాత ఆల్బమ్ ఒక్కోసారి దొరికేది.

అన్నయ్య 1975లో రాసిన ఒక కవరును మాత్రం కత్తిరించనివ్వకుండా దాచుకున్నాను. దాని మీద 26 సెంట్ల ఎయిర్‌మెయిల్ స్టాంపు ఉంది, 1974 జనవరిలో వచ్చినది. మౌంట్ రష్మోర్ కొండకు చెక్కిన నలుగురు అధ్యక్షుల తలలు... వాషింగ్టన్, జెఫర్సన్, థియొడోర్ రూజ్‌వెల్ట్, లింకన్. పోస్టు ముద్ర తాలూకు అలల గీతలు ఆ నాలుగు ముఖాల మీదుగా పోయాయి. లోపలి ఉత్తరంలో, సెలవుల్లో కారు వేసుకుని ఈ కొండ చూసొచ్చామనీ, ఇంత పెద్ద ముఖాలు మనుషులు చెక్కారంటే నమ్మలేమనీ రాశాడు. మా ఇంట్లో అందరం భూతద్దం పెట్టి చూశాం. ఆ కొండలు ఎవరివన్న ప్రశ్న మాలో ఒక్కరికీ రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత చదివితే తెలిసింది, 1868లో ఫోర్ట్ లారమీ దగ్గర రాసుకున్న ఒప్పందంలో ఆ కొండ ఉన్న బ్లాక్ హిల్స్ ప్రాంతాన్ని అక్కడి ఆదివాసులైన లకోటా తదితర సూ తెగలకే వదిలిపెడతామని అమెరికా ప్రభుత్వం సంతకం పెట్టిందని. 1874లో అక్కడ బంగారం బయటపడింది. 1877కల్లా కొండలు లాగేసుకున్నారు. అంటే అన్నయ్య కవరు మీది స్టాంపు బంగారం దొరికిన నూరో ఏట వచ్చింది, అప్పటికి ఆ తెగల కేసు ఇంకా నడుస్తూనే ఉంది. 1980లో సుప్రీంకోర్టు ఆ భూమి తీసుకున్నందుకు నష్టపరిహారం ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది, పది కోట్ల డాలర్లకు పైమాటే, కానీ వాళ్ళు ఆ డబ్బు ముట్టుకోలేదు, మాకు కావలసింది కొండలు అన్నారు. ఆ శిల్పాలు గొప్పవే, అన్నయ్య ఆనందమూ నిజమే. కానీ ఈ నాలుగు తేదీలు పక్కన రాసుకోకపోతే ఆ స్టాంపు నాకు సగమే అర్థమైనట్టు.

అమెరికా మొదటి స్టాంపులు 1847 జూలై 1న వచ్చాయి, 5 సెంట్లది ఫ్రాంక్లిన్ బొమ్మతో, 10 సెంట్లది వాషింగ్టన్ బొమ్మతో. అవి కొనే స్తోమత నాకు లేదు, పుస్తకాల్లో చూసి తృప్తిపడ్డాను. వాటికంటే నన్ను పట్టుకున్నది 1861 సంగతి. 2016 నవంబరులో మన ఏటీఎంల ముందు లైన్లు మీ పాఠకులెవరూ మర్చిపోయి ఉండరు. అలాంటి రద్దే 1861లో అమెరికాలో స్టాంపులకు జరిగింది! అంతర్యుద్ధం మొదలయ్యేసరికి దక్షిణాది పోస్టాఫీసుల్లో స్టాంపుల నిల్వలు బాగా ఉన్నాయి, వాటిని అమ్ముకుని తిరుగుబాటుదారులు సొమ్ము చేసుకుంటారని వాషింగ్టన్‌లో ప్రభుత్వానికి భయం. అందుకని కొత్త డిజైన్లు వేసి, పాత స్టాంపులు చెల్లవని ప్రకటించి, తమవైపు జనానికి మార్చుకోవడానికి కొద్ది రోజుల గడువు ఇచ్చారు. దక్షిణాదివాళ్ళు ఆ అక్టోబరుకు తమ సొంత స్టాంపు వేసుకున్నారు, అప్పుడు పదవిలో ఉన్న తమ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ బొమ్మతోనే. మరుసటి ఏడాదికి ఉత్తరాదిలో జనం నాణేలు దాచేసుకోవడం మొదలుపెట్టారు, ఎక్కడా చిల్లర దొరకదు. మన కిరాణా కొట్లో చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెడతారే, అక్కడ స్టాంపులు పెట్టారు. చెమటకు జిగురు అంటుకుని స్టాంపులు ముద్దయిపోతుంటే జాన్ గాల్ట్ అనే ఆయన వాటిని ఇత్తడి బిళ్ళల్లో పెట్టి పైన అభ్రకం పొర బిగించే పద్ధతికి 1862లో పేటెంటు తీసుకున్నాడు. ప్రభుత్వమూ స్టాంపు బొమ్మలతోనే చిన్న నోట్లు అచ్చువేసింది.

ఇక దక్షిణాదిలో సముద్రపు దారులు దిగ్బంధంలో ఉండి కాగితానికి కరువొచ్చింది. వచ్చిన కవరునే విప్పి, లోపలి వైపు బయటికి తిప్పి అంటించి, మళ్ళీ దాని మీదే చిరునామా రాసి పంపేవాళ్ళు. గోడలకు అంటించే రంగుల కాగితంతో కూడా కవర్లు చేసుకున్నారు. అలాంటి కవరు ఫొటో ఒకటి చూశాను, పైన సిరాతో ఎవరిదో పేరు, మడత లోపల పూలతీగల డిజైను. యుద్ధం గురించి నేను చదివిన పేజీలన్నీ ఒకెత్తు, ఈ పూలతీగ ఒకెత్తు. ఏ తల్లో, ఏ పెళ్ళామో గోడకు వేయగా మిగిలిన కాగితం కత్తిరించుకుని కూర్చుని రాసి ఉంటుంది. ఆ దక్షిణాది పక్షం బానిసత్వాన్ని నిలబెట్టడానికి యుద్ధం చేసిందని తెలిసీ, ఆ కవరు చూస్తే మనసు కలుక్కుమంటుంది. రెండూ నిజమే, నేను రెంటినీ ఉంచుకున్నాను.

1893లో షికాగో ప్రదర్శన సందర్భంగా కొలంబస్ స్టాంపులు వేశారు, ఒక సెంటు నుంచి 5 డాలర్ల దాకా పదహారు. ఒక సెంటు స్టాంపులో కొలంబస్ నేల కనిపించిందని చూస్తుంటాడు, నున్నటి గడ్డం. 2 సెంట్ల స్టాంపులో ఆ నేల మీద దిగుతాడు, నిండా గడ్డం! వేరువేరు చిత్రకారుల బొమ్మలు తీసుకోవడంవల్ల అలా అయింది. పిల్లలకు ఈ రెండూ చూపిస్తే ఒకే మనిషి ఒక్క రోజులో అంత గడ్డం ఎలా పెంచాడని వాళ్ళే అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టాక చరిత్ర పాఠం దానంతటదే నడుస్తుంది.

నా ఆల్బమ్‌లో నేను ఎక్కువసేపు ఆగేది మాత్రం 1922, 1923 పేజీ దగ్గర. 1922 నవంబరులో 15 సెంట్ల స్టాంపు వచ్చింది, బూడిద రంగులో, స్వేచ్ఛా విగ్రహం బొమ్మతో. ప్రపంచంలోని పేదలను, బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళను పిలిచే తల్లి అని ఆ విగ్రహానికి పేరు. మూడు నెలలు దాటగానే, 1923 ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థింద్ అనే మన పంజాబీ ఆయన కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అయినా సామాన్య జనం దృష్టిలో తెల్లవాడు కాడు కాబట్టి పౌరసత్వానికి పనికిరాడని తేల్చారు. అంతకుముందే పౌరసత్వం పొందిన భారతీయుల్లో పలువురి దగ్గర్నుంచి దాన్ని వెనక్కి లాక్కున్నారు కూడా. కొత్తగా వెళ్ళేవాళ్ళ సంగతంటారా, 1917 చట్టమే ఆసియాలో చాలా భాగానికి తలుపులు మూసేసింది, అందులో మనమూ ఉన్నాం.

అదే వరుసలో 1923 మే నెలలో 14 సెంట్ల స్టాంపు వచ్చింది, నీలం రంగు. ఈకల తలపాగాతో లకోటా నాయకుడు హాలో హార్న్ బేర్ ముఖం, కింద అమెరికన్ ఇండియన్ అని ఉంటుంది. చెక్కడం అద్భుతం. కంటి కింది ముడతలు, దవడ ఎముక నీడ, ఒక్కో ఈక అంచు, భూతద్దంలో చూస్తే అన్నీ సన్నటి గీతలే, ఎవరో ఉక్కు పలక మీద ఓపిగ్గా గీసినవి. ఆ ముఖంలో ఎంత గౌరవం నిలిపారో! కానీ ఆ రోజుకి ఆయన జాతివాళ్ళలో చాలామందికి అమెరికా పౌరసత్వం లేదు. ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చే చట్టం 1924 జూన్‌లో వచ్చింది. అంటే ఏడాదికి పైగా ఆ ముఖం దేశమంతా ఉత్తరాల మీద తిరిగింది, ఆ మనుషులు మాత్రం సొంత నేల మీదే పౌరులు కారు. ఈ రెండు స్టాంపులూ పక్కపక్కన పెట్టి, పక్క చీటీల్లో ఆ తీర్పూ ఆ చట్టమూ తేదీలతో రాసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

1942 సంగతి కూడా ఇలాంటిదే. ఆ జూలై 7న చైనా మీద జపాన్ యుద్ధానికి అయిదేళ్ళు నిండాయని అమెరికా 5 సెంట్ల నీలం స్టాంపు వేసింది. ఒకవైపు లింకన్, మరోవైపు చైనా నాయకుడు సన్ యట్ సెన్, మధ్యలో చైనా పటం, చైనా అక్షరాలు కూడా. ప్రజల చేత, ప్రజల కొరకు అన్న లింకన్ మాట కూడా అచ్చువేశారు. అప్పటికి చైనా కూలీలు అమెరికాలో అడుగుపెట్టకుండా 1882లో చేసిన నిషేధ చట్టం బతికే ఉంది. అరవై ఏళ్ళుగా! కలిసి యుద్ధం చేస్తున్న మిత్రదేశం కాబట్టి సిగ్గుపడి 1943 డిసెంబరులో దాన్ని రద్దు చేశారు. మనకు 1946లో తలుపు కాస్త తెరిచారు, ఏడాదికి వంద మంది భారతీయులకు. వంద మంది! ఈరోజు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ మెట్ల మీద నిలబడి చూడండి, అంతమంది పిల్లలు గంటలో దిగుతారు. 1965లో కొత్త చట్టం వచ్చి దేశాలవారీ పాత వివక్ష తీసేస్తేగానీ మా అన్నయ్యలాంటి డాక్టర్లు వందల్లో వెళ్ళే దారి పడలేదు.

ఇవన్నీ మన హైదరాబాదుకు పరాయి విషయాలు కావు. మన వీధుల్లో అమెరికాలో ఎవరో ఒకరు లేని ఇల్లు వెతకాల్సిందే. వీసా రావాలని చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి, వచ్చాక నూటెనిమిది చేసి మొక్కు తీర్చుకునే పిల్లల్ని చూస్తుంటాం. నానక్‌రామ్‌గూడలో కాన్సులేటు ముందు ఫైళ్ళు గుండెకు హత్తుకుని నిలబడే పిల్లలకూ, బయట చెట్టు కింద టెన్షన్‌తో వాచీ చూసుకునే తల్లిదండ్రులకూ ఈ 1917, 1923, 1946, 1965 అన్న నాలుగు అంకెలు తెలిసి ఉండాలని నా కోరిక. తలుపు తెరిచేదీ మూసేదీ చట్టమేననీ, అది లోగడ మూసుకుందనీ, ఎవరో కొట్లాడితే తెరుచుకుందనీ తెలిస్తే వీసా రాని పిల్లలు అదంతా తమ చేతగానితనమని కుమిలిపోరు.

గాంధీగారి స్టాంపు గురించి చెప్పకుండా ఉండలేను. 1961 జనవరి 26న, మన గణతంత్ర దినం నాడు, అమెరికా గాంధీగారి బొమ్మతో 4 సెంట్ల స్టాంపు ఒకటి, 8 సెంట్లది ఒకటి వేసింది. అప్పట్లో మామూలు ఉత్తరానికి 4 సెంట్లే, అంటే ఆ స్టాంపు నల్లవాళ్ళను వేరుగా కూర్చోబెట్టే అమెరికా దక్షిణాది రాష్ట్రాల ఊళ్ళలో కూడా నాలుకతో తడిపి కవర్ల మీద అంటించి ఉంటారు. నాలుగు నెలలు తిరక్కుండానే, మే 14న, అలబామాలో ఆనిస్టన్ దగ్గర నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి కూర్చుని వెళ్తున్న బస్సును మూక తగలబెట్టింది. అంతర్రాష్ట్ర బస్సుల్లో, బస్టాండుల్లో రంగు తేడా ఉండకూడదన్న కోర్టు తీర్పును అమలుచేయించుకోవడానికి బయల్దేరినవాళ్ళు వాళ్ళు, తిరిగి చెయ్యెత్తకూడదని ఒట్టు పెట్టుకున్నవాళ్ళు. ఆ ఉద్యమంలో చాలామందికి అహింసలో శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ 1950ల్లో మన పక్కనే నాగపూర్‌లో ఉండి గాంధీగారి పద్ధతులు చదువుకున్నాడు. మార్టిన్ లూథర్ కింగ్ కూడా 1959లో మన దేశం వచ్చి వెళ్ళాడు. గాంధీ బొమ్మను స్టాంపు మీద ముద్రించిన ప్రభుత్వమూ, గాంధీ దారిలో నడిచినవాళ్ళను జైల్లో పెట్టిన రాష్ట్రాలూ ఒకే దేశంలో ఒకే ఏడాది ఉన్నాయి. నా దగ్గరున్న ఆ స్టాంపు మీద ముద్ర సరిగా కనపడదు, ఏ ఊళ్ళో పడిందో చదవడానికి చాలాసార్లు ప్రయత్నించాను.

అమెరికాను తిట్టడానికి ఇదంతా రాస్తున్నానని అనుకోవద్దు. ఆ దేశం తన మాటను తనే పట్టుకుని వెనక్కి తిరిగి చూసుకున్న సందర్భాలు కూడా ఈ ఆల్బమ్‌లోనే ఉన్నాయి. బానిసత్వ విముక్తి ప్రకటనకు నూరేళ్ళు నిండినప్పుడు 1963లో తెగిన గొలుసు బొమ్మతో వేసిన స్టాంపును గీసింది జార్జ్ ఓల్డెన్ అనే నల్లజాతి కళాకారుడు, అమెరికా స్టాంపు గీసిన మొదటి నల్లవాడు ఆయనే. 2016 అక్టోబరులో దీపం బొమ్మతో దీపావళి స్టాంపు వచ్చింది, మనవాళ్ళు ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టగా పెట్టగా. అన్నయ్య దాన్ని కవరు మీద అంటించి పంపాడు, వణికే చేతి రాతతో.

మరి మన సంగతో? ఇదే కొలత మనకూ పెట్టుకోవాలి. నిజాం రాజ్యానికి 1869 నుంచే సొంత స్టాంపులుండేవి. ఆ కాలపు స్టాంపుల మీద ఉర్దూ, ఇంగ్లీషులతోపాటు తెలుగు, మరాఠీ అక్షరాలు కూడా ఉండేవి. చూస్తే ముచ్చటేస్తుంది. అదే హైదరాబాదులో 1921 నవంబరులో వివేకవర్ధినిలో జరిగిన సభలో ఒకాయన తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు, ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తర్వాత 1931లో చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్ బొమ్మలతో అందమైన స్టాంపులు వేశారు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ చెరువు నగరానికి చేసిన మేలు తక్కువేం కాదు, దాని నీళ్ళు తాగి పెరిగినదాన్నే నేనూ. అవే రోజుల్లో పల్లెల్లో వెట్టి చేయించుకునేవాళ్ళు, ఆ వెట్టి మీద జోగిపేటలో 1930లో మొదలైన ఆంధ్ర మహాసభల్లో మాట్లాడుకున్నారు. చార్మినార్ స్టాంపు చించెయ్యమని ఒకరు, వెట్టి మాట ఎత్తొద్దని మరొకరు అంటే నేనొప్పుకోను. రెండూ ఒకే పేజీలో ఉండాలి.

అల్లూరి సీతారామరాజును పట్టుకోవడానికి మన్యంలో బలగాలు తిరిగిన రోజుల్లో, ఆయన్ను 1924 మేలో కాల్చి చంపినప్పుడు కూడా, ఉత్తరాల మీద ఉన్నది బ్రిటిష్ రాజు ముఖమే. 1986లో అదే తపాలా శాఖ అల్లూరి బొమ్మతో స్టాంపు వేసింది. ఆ మధ్య అరవై రెండేళ్ళలో ఏం జరిగిందో చెప్పమంటే ఏ పదో తరగతి పిల్లాడైనా ఉత్సాహంగా చెబుతాడు, అడగాలి అంతే.

అందుకని మీకూ, మీ పాఠకులకూ రెండు మనవులు. ఇళ్ళల్లో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో అమెరికా నుంచి, దుబాయి నుంచి, బొంబాయి నుంచి వచ్చిన పాత ఉత్తరాలు ఉంటే కాగితాలవాడికి వెయ్యకండి. స్టాంపు కత్తిరించొద్దు కూడా, చిన్నప్పుడు మా ఇంట్లో చేసినట్టు. ముద్రలో ఊరూ తేదీ ఉంటాయి, చేతిరాత ఉంటుంది, కవరు మొత్తంగానే పనికొస్తుంది. చెమ్మ తగలకుండా, ప్లాస్టిక్ సంచిలో కాకుండా, మామూలు కాగితం మడతలో ఉంచితే చాలు.

రెండోది మీ పత్రికకు. ఆదివారం అనుబంధంలో కాస్త చోటు కేటాయించి ఒక పాత స్టాంపు బొమ్మ వెయ్యండి, పక్కన అదే నెలలో వచ్చిన ఒక చట్టమో తీర్పో వార్తో వెయ్యండి, వ్యాఖ్యానం ఏమీ వద్దు, చదివినవాళ్ళే మాట్లాడుకుంటారు. పిల్లలు కూడా రాసి పంపేలా చెయ్యండి. మొదటి వారానికి ఆ 14 సెంట్ల నీలం స్టాంపు, 1924 నాటి పౌరసత్వ చట్టం వివరాలు నేను పంపగలను. స్టాంపు మాత్రం స్కాన్ చేసుకుని తిరిగి ఇచ్చెయ్యాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విద్యానగర్, హైదరాబాద్